కొండ మీద వగరెక్కిన టీ

మా ముత్తాతగారు మొఖాసాదారు. రోలుగుంటకు ఇవతల ఆయన కింద ఉన్న ఊళ్ళ పేర్లు మా నాయనమ్మ జపంలా వల్లించేది. ఆయన పల్లకీ వస్తుంటే దారిలో వెళ్ళేవాళ్ళు గొడుగులు దించేవారట. మా తాతగారి నాటికి పల్లకీ పోయి గుర్రబ్బండి వచ్చింది, గొడుగులు దించడం మాత్రం మిగిలింది. ఊళ్ళో తగాదా వస్తే తాలూకా కచేరీకి వెళ్ళేముందు ఆయనతో ఒక మాట చెప్పుకునేవారు. మా నాన్నగారి కాలంలో భూములు చట్టానికి కొన్ని, వ్యాజ్యాలకు కొన్ని, అడిగినవాడికి లేదనలేని ఆయన గుణానికి మరికొన్ని వెళ్ళిపోయాయి. నా వంతుకు వచ్చినవి రోలుగుంట దారిలో ఒక జీడితోట, ఇంటిపేరు, నిటారుగా కూర్చునే అలవాటు, ఇంటి మగవాళ్ళు వీధిలో నిలబడి ఏదీ తాగకూడదన్న నియమం.

ఆ నియమం ఉన్న ఇంట్లో పుట్టి, పదిమంది చూస్తుండగా టీ నోట్లో పోసుకుని ఉమ్మేసే ఉద్యోగం చేశాను. నవ్వుకోవాలంటే నవ్వుకోండి. నేను మాత్రం చాలాకాలం నవ్వలేదు.

నర్సీపట్నంలో మైదానం రోడ్డు ఆగి కొండ రోడ్డు మొదలవుతుంది. ఆ మలుపు దాటాక ఒక టీ పొడి కంపెనీ ఉండేది. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గోడౌను, ఆడవాళ్ళు కూర్చుని పొట్లాలు కట్టే రేకుల షెడ్డు, వెనక రుచి చూసే గది. యజమానిని ఊరంతా షావుకారు గారు అనేవారు. అస్సాం నుంచీ నీలగిరుల నుంచీ బస్తాల్లో టీ తెప్పించి, పాళ్ళు చూసి కలిపి, కింద మాకవరపాలెం, యలమంచిలి దాకా, పైన ఏజెన్సీ సంతల దాకా అమ్మేవారు. నేను గుమాస్తాగా చేరాను. అక్కడ టీ కలిపే పెద్దాయన నా ముక్కు మంచిదని కనిపెట్టి పని నేర్పారు. ఆయన పోయాక ఆ చెంచా నా చేతికి వచ్చింది.

పని చూడటానికి చిన్నదే. తెల్లని గిన్నెల్లో ఒకే తూకం పొడి వేసి, మరిగిన నీళ్ళు పోసి మూత పెట్టి, కాసేపటికి వడకట్టి, చెంచాతో గట్టిగా చప్పుడయ్యేలా పీల్చాలి. గాలితో కలిసి నోరంతా పాకితేగాని గుణం తెలీదు. మా తాతగారి పంక్తిలో చప్పుడు చేస్తూ తాగితే ముందున్న విస్తరి తీయించేసేవారు. నేను మొదటి నెల జీతం తెచ్చిన రోజున అమ్మ అడిగింది.

"నలుగురి ముందూ ఉమ్మడమేవిట్రా? కడుపులోకి పోనిదానికి జీతమేవిటి?"

"మింగితే సాయంత్రానికి ఏ టీ ఏదో తెలీదమ్మా."

"మీ తాత వింటే నీకు తెలిసేది," అంది.

ఈ మధ్య కుర్రవాళ్ళు నన్ను పట్టుకుని ఏ కంపెనీ టీ మంచిదని అడుగుతున్నారు. పేర్లు రాయను. ఆ పొట్లాలు ఇంకా దుకాణాల్లో ఉన్నాయి, నా నాలుకే రిటైరయింది. గుణాలు మాత్రం చెబుతాను. ఎర్ర పొట్లం ఒకటి ఉంది. అది అస్సాం పలుకుల బలంతో నడుస్తుంది. ఎన్ని పాలు పోసినా లొంగదు. హోటళ్ళవాళ్ళు దాన్ని వదలరు. ఆకుపచ్చ పెట్టెది వాసన టీ. వేడి ఉన్నంతసేపే దాని గొప్ప, చల్లారితే ఉత్త నీళ్ళు. పసుపు కవరు పొడి రంగు బేగి దింపుతుంది, రుచి వెనక పడిపోతుంది, రంగు చూసి మురిసే ఇళ్ళకు అది చాలు. పొడి ఎంత సన్నమైతే అంత తొందరగా దిగుతుంది, అంత తొందరగా చేదెక్కుతుంది. ఆకు పెద్దదైతే ఓపిక పట్టాలి.

నాకు పాలు అక్కర్లేదు. పంచదారా అక్కర్లేదు. నీలగిరి ఆకు, తక్కువ సేపు, ఉత్త డికాషన్. పాలు పోస్తే టీ కాదు, పాలే తాగుతున్నట్టు ఉంటుంది నాకు. మా ఊళ్ళో ఈ మాట అంటే బీదతనం అనుకుంటారు. ఇంటికి వచ్చినవాళ్ళకు బ్లాక్ టీ ఇస్తే పాలవాడు రాలేదా అని అడుగుతారు. గేదె పాలలో మరిగి మరిగి ఇటుక రంగు తేలిన టీ ఇస్తేనే మర్యాద. ఎవరి నోరు వారిది. అయితే ఒక నోటికి నప్పింది అందరికీ నప్పుతుందని నిర్ణయించే ఉద్యోగం నాది.

మా కంపెనీకి పాత పెద్దాయన కుదిర్చిన పాళ్ళు ఉండేవి. వాటిలో నీలగిరి ఆకు ఎక్కువ, అస్సాం తక్కువ. కిందా మీదా ఆ టీయే వెళ్ళేది. షావుకారు గారి అల్లుడు వ్యాపారంలోకి వచ్చాక దాన్ని మార్చాలన్నారు. ఆయన చదువుకున్న మనిషి, కష్టపడే మనిషి కూడా. ఒక రోజు మార్కెట్లో ఉన్న పొట్లాలన్నీ తెచ్చి నా బల్ల మీద పేర్చారు.

"ఎర్ర పొట్లం మన అమ్మకాలన్నీ తినేస్తోందండీ. దాన్ని కొట్టే టీ ఒకటి కలపండి. మీవల్లే అవుతుంది."

మీవల్లే అవుతుంది అన్న మాట మా వంశంలో చాలామందిని ముంచింది. నేను దాన్ని ఇష్టంగా విన్నాను. వారాలపాటు కలిపి, మార్చి, మళ్ళీ కలిపి, చివరికి అస్సాం పలుకులు, సన్నపొడి ఎక్కువ వేసి కొత్త పాళ్ళు తేల్చాను. మా బోరు నీళ్ళతో మరిగించి గేదె పాలు పోస్తే ఎర్ర పొట్లం దాని ముందు వెలవెలబోయింది. షెడ్డులో ఆడవాళ్ళకు గ్లాసుల్లో పోసి ఇచ్చారు. అందరిలో పెద్దావిడ గుటకేసి గ్లాసు కళ్ళకద్దుకుంది.

"ఇదండీ బాబుగారూ టీ అంటే. ఇన్నాళ్ళూ మాకు తాగించింది కుడితేనేటి?"

ఆ పాళ్ళు ఖాయమయ్యాయి. యలమంచిలి హైవే దాకా బోర్డులు లేచాయి. పాత టీ ఆపేశారు. కింద అమ్మకం బాగా పెరిగింది. అల్లుడు గారు నన్ను డీలర్లకు పరిచయం చేస్తూ మా టీ నిపుణుడు అనేవారు. నేను వద్దనలేదు.

కొండ మీద అమ్మకం అంతా ఒక మనిషి చేతిలో ఉండేది. మాకవరపాలెం దగ్గర చెరకు వేసుకునే కుటుంబంవాడు. వ్యాను తనే నడిపేవాడు, సంతలో తనే అమ్మేవాడు. పైన పొట్లాలకంటే విడి టీ ఎక్కువ పోతుంది. బస్తా మూతి విప్పి, డబ్బాతో కొలిచి, అరచేత్తో చదును చేసి, పైన చిటికెడు కొసరు వేసేవాడు. ఆ కొసరు కోసం అతని దగ్గరకే వచ్చేవారు. దిగేటప్పుడు వ్యాను ఖాళీగా ఎందుకని షావుకారు గారి అనుమతితోనే చింతపండు వేసుకొచ్చి కింద అమ్ముకునేవాడు. నన్ను బాబుగారు అనేవాడు. వాళ్ళ తాత మా తాతగారి దగ్గర కౌలు చేసినవాడు. ఆ పిలుపు నాకు బాగుండేదని ఒప్పుకోవాలి.

కొత్త టీ పైకి వెళ్ళిన కొన్ని వారాలకు కొండ దుకాణాలవాళ్ళు ఒక జీపు నిండా దిగి వచ్చారు. అందరిదీ ఒకటే మాట. టీ తాగితే నాలిక పట్టేస్తోంది, గొంతు ఎండిపోతోంది, మనుషులు తాగలేక పారబోస్తున్నారు. ఒకాయన అడిగేశాడు.

"ఇందులో ఏం కలిపారు?"

టీలో కలిపేది ఏమిటో ఆ వ్యాపారంలో అందరికీ తెలుసు. చింతపిక్కల పొట్టు. వేయించి దంచితే టీ రంగులోనే ఉంటుంది, నోట్లో వేస్తే వగరు. మా టీ కొండెక్కేది, చింతపండు కొండ దిగేది ఒకే వ్యానులో. అల్లుడు గారికి లెక్క కుదిరిపోయింది. వ్యాను మనిషిని పిలిపించారు. నన్నూ కూర్చోమన్నారు.

"నీ దగ్గర పిక్కలెక్కడివి?"

"సింతపండులో ఉంటాయండి. నేను పెట్టలేదు, దేవుడు పెట్టాడు."

"వేళాకోళం వద్దు. టీలో ఎంత కలిపావు?"

"ఏటండి ఈ మాట? సింతపండు తెస్తే పిక్కలు కలిపేసినట్టేనా? రేపు ఉప్పు తెస్తే సముద్రం దొంగిలించానంటారేటి?"

అల్లుడు గారు నవ్వలేదు. వ్యానులో వెనక్కి వచ్చిన బస్తా తెప్పించి నా ముందు పెట్టించారు. నేను రుచి చూశాను. పొడిని తడి కాగితం మీద చల్లి చూశాను. పొట్టు లేదు. ఆ మాటే చెప్పాను.

"వెనక్కి తెచ్చే బస్తాలో ఎందుకు కలుపుతాడండీ? కలిపేది పైన," అన్నారాయన.

నేను బస్తా మూతి తిరిగి కట్టేశాను. ఇంకొక సంగతి నన్ను లోపల పట్టి పీడించింది. నా నాలుక నిజమైతే కింద నుంచి వెళ్ళింది మంచి టీ. మంచి టీ పైన వగరెక్కిందంటే మధ్యలో మనిషి దొంగ. అతను దొంగ కాకపోతే నా నాలుక పనికిరానిది. మూడో దారి నాకు కనబడలేదు.

బయటికి వచ్చాక వ్యాను మనిషి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అప్పుడు వేళాకోళం లేదు.

"పోలీసులంటన్నారండి. దానికి భయం లేదు. కొట్టినా నానేటీ కలపలేదు గదా. కల్తీగాడన్న మాట పడితే ఈ రోడ్డు మీద నాకు ఎవడూ బస్తా ఎత్తించడు బాబుగారూ. మా ఊర్లో మా యమ్మ తలెత్తుకుని నీళ్ళకెళ్ళలేదు. మీరైనా సెప్పండి."

నేను చెప్పలేదు. తెలియనిది చెప్పే అలవాటు మాకు లేదని, పైకి వెళ్ళి చూస్తానని అన్నాను. ఇప్పుడు రాస్తుంటే ఆ మాట ఎంత బిగుసుగా ఉందో తెలుస్తోంది.

మర్నాడు నేనే ఒక బస్తా నింపించి, మూతి కుట్టించి, కుట్టు మీద లక్క పెట్టి నా ఉంగరంతో ముద్ర వేశాను. వ్యానులో అతని పక్కన కూర్చున్నాను. అంతకాలం ఆ కంపెనీలో పనిచేసి సరుకు బండి ఎక్కడం అదే మొదలు. మా ఇంట్లో బండి మీద సరుకో మనిషో ఉంటారు, రెండూ ఉండవు. మా టీ ఎవరు తాగుతున్నారో ఎక్కడ తాగుతున్నారో చూడాలని కూడా నాకు ఎప్పుడూ తోచలేదు. మా గదిలో రుచి చూస్తే లోకం రుచి చూసినట్టే అనుకున్నాను. మరచెంబు నిండా ఇంటి బోరు నీళ్ళు పట్టించుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. ఊరుకాని ఊరిలో నీళ్ళు తాగను.

ఘాట్ రోడ్డు మీద అతను ఒక్కసారే మాట్లాడాడు.

"కడుపులో తిప్పితే సెప్పండి, ఆపుతాను. అందరికీ తిప్పుద్ది. జమీందార్లని వదలదు."

లంబసింగి దాటాక చలిగాలి మొదలైంది. రోడ్డు పక్కన చెట్ల నీడలో కాఫీ తోటలు. కాఫీ పండించేవాళ్ళు టీ తాగుతారని నాకు అప్పటిదాకా తమాషాగా ఉండేది. పండించే కాఫీ దూర దేశాలకు పోతుంది, తాగేది సంతలో కొన్న మా విడి టీ. అందులో తమాషా ఏమీ లేదని ఆ సంతలో నిలబడ్డాక తెలిసింది.

సంతలో నీలం టార్పాలిన్ కింద ఒకావిడ టీ కాస్తోంది. అడవి నుంచి తెచ్చిన పిప్పళ్ళ మూట పక్కన పెట్టుకుని ఇద్దరు ముసలివాళ్ళు గ్లాసుల కోసం కూర్చున్నారు. నేను అందరి ముందూ ముద్ర పగలగొట్టి, గుప్పెడు పొడి తీసి ఆవిడకు ఇచ్చాను. వాగు నీళ్ళు మరుగుతున్న గిన్నెలో వేసింది.

"పాలు లేవా అమ్మా?"

"పాలు దూడవి కదా," అంది ఆవిడ, ఈ మాత్రం తెలీదా అన్నట్టు చూసి.

చాలా కొండ ఊళ్ళలో ఆవును పిండరు. దూడ నోటి దగ్గరిది తీసుకోవడం తప్పంటారు. మా కంపెనీకి ఆ సంగతి తెలియక కాదు. తెలిసీ ఎవరూ దాన్ని టీతో కలిపి ఆలోచించలేదు.

కూర్చునే చోటు లేదు. వీధిలో నిలబడే తాగాను. మొదటి గుటకకే నాలుక రెండు పక్కలా బిగుసుకుపోయింది. పచ్చి కరక్కాయ కొరికినట్టు. ఉమ్మడానికి తొట్టి లేక మింగాను, గొంతు కూడా పట్టేసింది. చింతపిక్కల పొట్టు వేసిన టీ ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇది అలాగే ఉంది. తలెత్తి చూశాను. వ్యాను మనిషి నా మొహమే చూస్తున్నాడు.

"సెప్పండి బాబుగారూ. కలిపానా?"

ముద్ర నాది. విప్పింది నేను. గిన్నెలో వేసింది ఆవిడ. అతను ఆ బస్తా ముట్టుకోలేదు. అన్నీ తెలిసి కూడా ఒక్క క్షణం అతని చేతులవైపు చూశాను. అతను అది గమనించి తల తిప్పుకున్నాడు.

చేతికి లక్క, టీ పొడి అంటుకుంటే ఆవిడ సబ్బు ముక్క ఇచ్చి వాగు నీళ్ళు పోసింది. అరచేతుల నిండా నురగ. ఎన్ని నీళ్ళు పోసినా జారుతూనే ఉంది, వదలదు. మా ఇంట్లో సబ్బు ఎంత రుద్దినా తరకలు కడుతుందే తప్ప నురగ రాదు. మా బోరు నీళ్ళు అంత బిరుసు. అక్కడే ఆగిపోయాను. తిరిగి గ్లాసు తీసి వెలుతురుకు పెట్టి చూశాను. ఎర్రగా, అడుగు కనబడేంత తేటగా ఉంది. మా గదిలో ఏ టీ కాచినా పైన సన్నగా తెట్టు కడుతుంది, రంగు మసకబారుతుంది. టీ అంటే అలాగే ఉంటుందని అన్నేళ్ళూ అనుకున్నాను.

మరచెంబు మూత తిప్పి ఆవిడకు ఇచ్చాను.

"ఈ నీళ్ళతో కాయమ్మా. పొడి అదే, అంతే వెయ్యి."

"నీ నీళ్ళేమైనా తీపా?" అంది. ముసలివాళ్ళు నవ్వారు. అయినా కాచింది.

పక్కపక్కన పెట్టి తాగాను. మా నీళ్ళ టీలో బలం ఉంది, చేదు ఉంది, నోరు పట్టడం లేదు. వాగు నీళ్ళ టీలో పొడి దాచుకున్నదంతా బయటికి వచ్చేసింది. మా బోరు నీళ్ళలోని బిరుసు ఆ వగరును సగం మింగేది, మిగతా సగం గేదె పాలు మింగేవి. పాలూ లేక, తేట నీళ్ళతో మరిగేసరికి నేను కలిపిన బలమంతా కొండవాళ్ళ గొంతు పట్టుకుంది. పాత పాళ్ళలో నీలగిరి ఆకు మెత్తనిది కాబట్టి ఆ నీళ్ళకు సరిపోయేది. పెద్దాయన తెలిసే కలిపారో, అలా కుదిరిందో, అడగడానికి ఆయన లేరు.

రెండు గ్లాసులూ వ్యాను మనిషి చేతికి ఇచ్చాను. ఒకటి తాగాడు. ఇంకోటి తాగాడు. మళ్ళీ మొదటిది.

"ఇది నీళ్ళ పనా?"

"నీళ్ళది కాదు. నీళ్ళు చూడకుండా కలిపినవాడిది."

అతను సంత మట్టిలో అలాగే చతికిలబడ్డాడు. తర్వాత గ్లాసులో మిగిలింది తాగేసి, "సేదుగుందండి. అయినా ఇలాటి టీ నా జన్మలో తాగలేదు," అన్నాడు.

వాగు నీళ్ళు రెండు క్యాన్లు పట్టించుకుని దిగాం. ఆ సాయంత్రమే అల్లుడు గారికి సంగతంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. నమ్మారు కూడా. అదే కష్టమైంది.

"పైకి పాత టీనే పంపుదాం. అది తేలిక," అన్నారు. "కాకపోతే రేపు మావయ్యగారి ముందు ఈ నీళ్ళ కథ వద్దండీ. కొత్త టీ వగరని మన నిపుణుడే అన్నాడని తెలిస్తే ఎర్ర పొట్లంవాళ్ళు ఊరుకుంటారా? డీలర్లకు ఏం చెప్పను? సరుకు వ్యానులో పాడైంది, జాగ్రత్తగా దాచలేదు, అనండి చాలు. కల్తీ మాట ఎత్తను. పోలీసుల దగ్గరికి వెళ్ళను. అతను ఇంకోచోట పని చూసుకుంటాడు. మీ పేరూ నిలబడుతుంది, మీ ఇంటి పేరు నాకు తెలియనిది కాదు."

తెలివైన మాట. అందులో అబద్ధం కూడా చాలా చిన్నది. చింతపండు పక్కన పెడితే టీకి వాసన పడుతుంది, ఎవరైనా నమ్ముతారు. నేను అవుననలేదు, కాదనలేదు. లేచి వచ్చేశాను. ఆయన దాన్ని అవుననుకున్నారు.

పొద్దున్న రుచి గదిలో షావుకారు గారు కూర్చున్నారు. అల్లుడు గారు ఆయన కుర్చీ వెనక నిలబడ్డారు. వ్యాను మనిషి గుమ్మం బయటే ఆగిపోయాడు. షెడ్డులో ఆడవాళ్ళు పొట్లాలు కడుతూ కిటికీలోంచి చూస్తున్నారు. నేను ఒక గిన్నెలో బోరు నీళ్ళు, ఒక గిన్నెలో వాగు నీళ్ళు మరిగించి ఒకే బస్తా పొడి వేశాను. షావుకారు గారికి చక్కెర జబ్బు, అయినా జీవితంలో పాలు, పంచదార లేని టీ ముట్టని మనిషి.

"పాలు పోయవా?"

"కొండ మీద పోయరండీ."

మొదటి కప్పు తాగి తలూపారు. రెండోది తాగి మొహం చిట్లించి, చేతిరుమాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఇదేం టీ?"

"మనదేనండీ. నేను కలిపిందే."

"కల్తీయా?"

"కాదండీ. ముద్ర నేనే వేశాను, నేనే తీశాను. ఒకే బస్తా. నీళ్ళే వేరు. ఈ పాళ్ళు వాళ్ళ నీళ్ళకు పనికిరావు. నేను ఆ నీళ్ళతో ఎన్నడూ చూడలేదు. వ్యాను మనిషి తప్పు ఇందులో పొడి రేణువంత కూడా లేదు."

అల్లుడు గారు నన్ను చూసిన చూపు కోపం కాదు. మోసపోయినవాడి చూపు.

షావుకారు గారు గుమ్మంవైపు తిరిగారు. "నువ్వేమంటావురా?"

"నానేటంటానండి. నా మీద మాట తీసెయ్యండి, సాలు."

"తీసేశాను."

"ఈ గదిలో కాదండి. ఎక్కడ ఏశారో అక్కడ."

కిటికీ దగ్గర పెద్దావిడ పొట్లం కట్టడం ఆపేసింది. మాట పడ్డది కొండ దుకాణాల్లో, డీలర్ల దగ్గర. అక్కడికి వెళ్ళి ఎవరు చెబుతారని షావుకారు గారు అడిగారు. నేను వెళ్తానన్నాను. వెళ్ళాను. వ్యానులో అతని పక్కన కూర్చుని దుకాణం దుకాణానికీ దిగి, టీలో ఏమీ కలవలేదు, కలిపిన పాళ్ళే తప్పు, అవి నావి అని చెప్పాను. కొందరు వాళ్ళ టీ పోసి ఇచ్చారు. తాగాను. ఒకాయన మాత్రం, "పెద్ద ఇంటి మనిషి, ఎవరో చెప్పమంటే చెబుతున్నారు," అని వ్యాను మనిషినే అనుమానంగా చూశాడు. నా ఇంటి పేరు అలా కూడా పనిచేస్తుందని అప్పుడే తెలిసింది. ఆ దుకాణానికి అతను మళ్ళీ టీ వెయ్యలేదు. మిగతా సంతల్లో అతని డబ్బా, అతని కొసరు మామూలుగానే సాగాయి. కొండకు పాత టీ, మైదానానికి కొత్త టీ వెళ్ళాయి.

ఇంతవరకే చెప్పి ఆపేస్తే నేను మంచివాణ్ణిగా కనిపిస్తాను. మిగతాది కూడా చెప్పాలి.

అల్లుడు గారు నన్ను పని మానమనలేదు. "డీలర్లకు మీ రుచి మీద నమ్మకం పోయిందండీ, కొన్నాళ్ళు గోడౌనులో బస్తాలు చూసుకోండి," అన్నారు. జీతం తగ్గించనన్నారు. షావుకారు గారు ఇంటికి కబురు పంపి, కోపం చల్లారాక నీ గది నీకే ఇప్పిస్తానన్నారు. నేను చెంచా కడిగి బల్ల మీద పెట్టి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళలేదు.

వ్యాను మనిషి ఇంటికి వచ్చాడు. అరుగు దిగువనే నిలబడ్డాడు.

"నా కోసం సేశారా ఈ పని?"

"నీ కోసం కాదు."

"అయితే ఎందుకండి? గోడౌన్లో ఫ్యాను కూడా ఉంది."

నా భార్య లోపలినుంచి వింటూ ఉంది. అతను వెళ్ళాక వచ్చి అడిగింది. "నిజం చెప్పారు, బాగుంది. గోడౌనులో కూర్చుంటే చెప్పిన నిజం అబద్ధమైపోతుందా?"

చిన్నవాళ్ళు ఇది చదివి నిజాయితీకి ఎంత నష్టం చూడండి అనుకుంటారేమోనని భయం. అతని మీద మాట తీయించింది నిజం. దానివల్ల నాకు పోయింది గది ఒక్కటే, అదీ కొన్నాళ్ళకు తిరిగి వచ్చేది. ఉద్యోగం పోగొట్టింది వంగని నా మెడ. రెండూ ఒకే వారంలో జరిగాయి కాబట్టి జనం ఒకటిగా చెప్పుకున్నారు. నేనూ చాలాకాలం అలాగే చెప్పుకోనిచ్చాను. ఒకదాన్ని చూసి ఇంకోదాన్ని మెచ్చుకోకండి.

తర్వాత చేసినవి చిన్న చిన్న కొలువులు, చెప్పుకోదగ్గవి కావు. కొండ మీద విడి టీ వ్యాను మనిషి తర్వాత అతని తమ్ముడు అమ్మాడు.

జీతం ఆగిన ఆ వేసవిలో రోలుగుంట దారిలో మాకు మిగిలి ఉన్న జీడితోట అమ్మేశాం, చెట్ల మీద కాపుతో సహా.